విప్పినా వదలని నడుంకట్టు

ముందే చెబుతున్నాను, ఇది మా అమ్మ మీద చాడీ కాదు. రాయమన్నది కూడా ఆమే. "రాయి బిడ్డా, ఎవలన్న సదివి ఇంకో పిల్ల పానం దక్కుతదేమో" అన్నది. ఆ మాట అనడానికి ఆమెకు రెండు నెలలు పట్టింది. రాయడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. చేతికేం కాలేదు, మనసే నిలవలేదు. ఇప్పటికీ ఆ రోజులు తలుచుకుంటే నోరెండిపోతుంది, లేచి నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చుంటాను. నీళ్ళ సంగతి ఎందుకు చెప్పానో మీకే తెలుస్తుంది.

మాది జగిత్యాల దగ్గర ఊరు. మా ఆయన శేఖర్ రోడ్డు ప్రాజెక్టులో ఎలక్ట్రికల్ ఇంజనీరు, పెళ్ళయ్యాక ఇద్దరం సౌదీలో కొండల మీదున్న అభా వచ్చాం. సౌదీ అంటే ఇసుకా ఎండా అనుకునే మా వాళ్ళకు ఇక్కడి చలినీ, పొద్దున్నే కిటికీ దాకా వచ్చే మంచునీ ఫోన్లో చూపిస్తే నమ్మేవారు కాదు. కాన్పు ఇక్కడే అనుకున్నాం. అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. తెచ్చిన రెండు పెట్టెల్లో ఒకటి పూర్తిగా నా పథ్యమే. వెల్లుల్లి కారం, శొంఠి, వాము, పిల్లకు పాత బట్టలు, నా నడుముకు కట్టడానికి మెత్తబడిన నేత చీర. ఎయిర్‌పోర్టులో వాము పొట్లం విప్పి వాసన చూసిన కస్టమ్స్ ఆయన మూడుసార్లు తుమ్మాడట. దాని మీద వారం రోజులు నవ్వుకున్నాం. మేం నవ్వుకున్న చివరి వారం అదే.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. మూడో రోజున ఇంటికొచ్చాం. ఇంట్లో అమ్మ రాజ్యం. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలు బంద్. నీళ్ళు పూటకు ఒక గ్లాసు, అదీ కాచిన వాము నీళ్ళు. ఎక్కువ తాగితే బాలింత కడుపు పెరుగుతుందని అమ్మ నమ్మకం. నేను బీటెక్ చదివినదాన్ని, అయినా వాదించలేదు. అమ్మ చేతిలో ఉన్నప్పుడు ఆలోచించే పని కూడా ఆమెకే అప్పగించేస్తాం, అందులో ఒక హాయి ఉంటుంది.

ఐదో రోజున అరికాళ్ళలో చీమలు పాకినట్టు మొదలైంది. మర్నాటికి మోకాళ్ళ దాకా వచ్చింది. శేఖర్ ఆసుపత్రికి పోదామన్నాడు. అమ్మ కొట్టిపారేసింది.

"ఏం గాదు బిడ్డా. వెన్నుల సూది ఏసిండ్రు గద, గట్లనే ఉంటది. బాలెంత వాతం" అన్నది. కిటికీ సందులో ఇంకో గుడ్డ కుక్కింది.

ఏడో రోజు పొద్దున స్నానానికి అమ్మ నడుంకట్టు విప్పింది. చీర నేల మీద పడి ఉంది. నా కడుపు చుట్టూ బిగువు మాత్రం అట్లాగే ఉంది. పక్కటెముకల కింద ఎవరో ఇంకో చీర కట్టి ముడివేసినట్టు. "అమ్మా, విప్పినవా?" అని రెండుసార్లు అడిగాను. "విప్పిన, కండ్ల ముందల్నే పడె గద" అన్నది. తర్వాత కాళ్ళ మీద నీళ్ళు పోసింది. బాలింత స్నానం అంటే పొగలు కక్కే నీళ్ళు, పోస్తే ఎవరైనా కెవ్వుమనాలి. నేను కదలకుండా కూర్చున్నాను. "ఎంత ఓర్పు నా బిడ్డకు" అని మురిసిపోయింది అమ్మ. తొడలు ఎర్రగా కంది ఉండటం తుడుచుకునేటప్పుడు చూశాను. వేడి నాకు తెలియనేలేదు. అది ఓర్పు కాదని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఎనిమిదో రోజంతా ఒంటికి పోలేదు. తాగితేనే కదా వచ్చేది అనుకున్నాం. తొమ్మిదో రోజున చలీ జ్వరమూ వచ్చాయి. పాలు గడ్డకట్టిన జ్వరం అన్నది అమ్మ, వేడి గుడ్డతో కాపడం పెట్టింది. పదో రోజు మధ్యాహ్నం బాత్రూం గుమ్మం దగ్గర కాళ్ళు నా కింద నుంచి వెళ్ళిపోయాయి. పడ్డట్టు కూడా తెలియలేదు, నేల దగ్గరికి వచ్చిందంతే. శేఖర్ సైటు నుంచి వచ్చి నన్ను ఎత్తుకుని కారులో వేసుకున్నాడు. పాపను ఎదురింటి ఆవిడ చేతిలో పెట్టి అమ్మ చెప్పులు లేకుండానే వెంట వచ్చింది.

అత్యవసర విభాగంలో నర్సు మూత్రానికి గొట్టం పెట్టగానే సంచి నిండిపోయింది. ఇంకో సంచి పెట్టింది. రంగు చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. లీటరు దాటిందట. అంత నిండి ఉన్నా నాకు పోవాలనిపించలేదు. అమ్మ ఆ సంచుల వైపే చూస్తూ నిలబడింది, "నేనే నీళ్ళు ఇయ్యకపోతి" అని తనలో తాను అనుకుంటూ. మూత్రంలో మొదలైన క్రిములు రక్తంలోకి పాకాయని సాయంత్రానికి చెప్పారు. మందులు మొదలుపెట్టారు. కాళ్ళ సంగతి అడిగితే, జ్వరం నీరసం కావచ్చు, చూద్దాం అన్నారు.

ఆడవాళ్ళ వార్డు అది. మగవాళ్ళకు సాయంత్రం గంటసేపే అనుమతి. అందుకని తోడుగా అమ్మ ఉండిపోయింది. శేఖర్ సెలవు పెట్టి ఇంట్లో పాపను చూసుకున్నాడు, డబ్బాపాలు కలపడం ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. నా పక్క మంచం మీద ఒక ముసలి సౌదీ అమ్మ. పరదా అవతల ఆమెకు తోడు ఒక పనిమనిషి, ఎప్పుడూ నల్ల బుర్ఖాలో, ఎప్పుడూ అరబ్బీలోనే మాట్లాడేది. ఆ ముసలమ్మ మొదటి రోజే మాకు ఖర్జూరాలు పంపింది, వాటితో మక్కా నుంచి తెచ్చిన ఒక సీసా జంజం నీళ్ళు. అమ్మ సీసా తీసుకుని కళ్ళకద్దుకుంది. "దేవుని నీళ్ళు" అని గ్లాసు నిండా పోసి నాకు తాగించింది, మళ్ళీ నింపింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

పన్నెండో రోజుకు జ్వరం కొంచెం దిగింది. కాళ్ళు మాత్రం పూర్తిగా పోయాయి. బొటనవేలు కదపమంటే దాని వైపు చూస్తూ బతిమాలుకునేదాన్ని. ఆ సాయంత్రం నరాల డాక్టరమ్మ వచ్చింది. పాకిస్తాన్ ఆవిడ, సన్నగా, గబగబా ఉర్దూలో మాట్లాడుతుంది. మా జగిత్యాల ఉర్దూ అమ్మకు కూడా వచ్చు గనక మధ్యలో ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. సందర్శకుల గంట కాబట్టి శేఖర్ కూడా మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి, సూదితో గుచ్చి, అన్నీ చూసి ఆవిడ అడిగింది.

"పహలే కభీ ఆంఖ్ మే తక్లీఫ్?" ఇంతకుముందు ఎప్పుడైనా కంటికి ఇబ్బంది వచ్చిందా అని.

దుప్పటి కింద అమ్మ చెయ్యి నా చేతిని నొక్కింది.

ఇక్కడ వెనక్కి పోవాలి. బీటెక్ చివరి ఏడాదిలో నా కుడికన్ను మసకబారింది. కన్ను తిప్పితే నొప్పి. హైదరాబాదులో ఐదు రోజులు సెలైన్లో స్టెరాయిడ్ ఎక్కించారు, నెలకు చూపు వచ్చేసింది. నరాలకు సంబంధించిన జబ్బు, ఒంటిని కాపాడే శక్తే తిరగబడి నరాల మీద పడుతుంది, మళ్ళీ కంటికో వెన్నుకో రావచ్చు, కాన్పు తర్వాత జాగ్రత్త అని ఆ డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. మరుసటి ఏడే శేఖర్ సంబంధం వచ్చింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మావాళ్ళు అన్ని కూడా ఆడలేదు. ఒక్క కాగితం దాచారు. ఎవరైనా అడిగితే కండ్లకలక అన్నారు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆ మాట శేఖర్‌కు చెప్పాలని నాకు పదిసార్లు అనిపించింది. పదిసార్లూ రేపు చెబుదాం అనుకున్నాను.

డాక్టరమ్మ నా ముఖంలోకి చూస్తోంది. శేఖరూ చూస్తున్నాడు.

"నహీ" అన్నాను.

ఆ అబద్ధం నాది. అమ్మ చెయ్యి నొక్కింది నిజమే, నోరు మాత్రం నాదే. దీన్ని ఎవరి మీదికీ నెట్టను.

డాక్టరమ్మ శేఖర్‌ను పక్కకు పిలిచి చెప్పింది, నాకూ వినిపించింది. ఇది పాత జబ్బు తిరగబెట్టినదైతే వెంటనే స్టెరాయిడ్ ఇవ్వాలి. పాతది లేదంటున్నారు కాబట్టి రక్తంలో ఉన్న క్రిములే వెన్నులోకి చేరి ఉండొచ్చు. అదే అయితే స్టెరాయిడ్ అగ్నికి ఆజ్యమే. పరీక్షలు తేలేదాకా ఆగుదాం అన్నది. ఆవిడ తప్పు ఇందులో గోరంత కూడా లేదు. నేను చెప్పింది నమ్మింది, అంతే.

ఆవిడ వెళ్ళగానే, శేఖర్ మందుల చీటీతో కిందికి పోగానే, నేను అమ్మను నిలదీశాను. చెప్పేద్దాం, నాకు భయంగా ఉంది అన్నాను.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే పడ్తది బిడ్డా" అన్నది అమ్మ గొంతు తగ్గించి. "ఆ కన్ను ఎప్పుడో మంచిగైంది. ఇప్పుడు పసిపిల్లను ఒళ్ళె పెట్టుకొని, నా బిడ్డ రోగిష్టిదని నేనే జెప్పాల్నా? రేపు ఆయన తోలేస్తే?"

కోపం వచ్చింది. ఆ కోపం వెనక ఒక దిక్కుమాలిన ఊరట కూడా ఉంది, అమ్మ వద్దన్నది కదా అని. ఊరుకున్నాను. రెండు రోజులు ఊరుకున్నాను. పాలు ఎగదన్ని రొమ్ములు రాళ్ళయ్యాయి, మందుల వల్ల ఆ పాలు పిండి పారబోయాలి. శేఖర్ ఆ రెండు సాయంత్రాలూ నర్సుల గది ముందు నిలబడి, మా ఆవిడకు మందెందుకు ఇయ్యరు అని డాక్టరమ్మతో గొడవపడ్డాడు. ఆయన గొంతు వార్డులోకి వినబడేది. నేను గోడ వైపు చూసేదాన్ని.

పద్నాలుగో రోజు పొద్దున లేచేసరికి గది తెల్లగా ఉంది. అభాలో మంచు మామూలే. "కిటికీ తుడువమ్మా, మంచు పట్టింది" అన్నాను. అమ్మ లేచి చూసి, "మంచెక్కడిది బిడ్డా, ఎండ కొడ్తాంది" అన్నది. కుడికన్ను మూశాను. కిటికీ పోయింది, అమ్మ పోయింది, అంతా బూడిద రంగు. ఈసారి ఎడమకన్ను. శేఖర్ వీడియో కాల్ చేసి పాపను చూపించాడు. ఆ కంటితో చూస్తే నా పిల్ల ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఫోన్ పెట్టేశాను. అమ్మ ఫ్లాస్కులో వేడినీళ్ళు తెస్తానని బయటికి పోయింది, నాకు తెలుసు ఏడవడానికే పోయిందని.

అప్పుడు పక్క పరదా జరిగింది. ఆ పనిమనిషి నా మంచం దగ్గరికి వచ్చి తలమీది బట్ట వెనక్కి తోసింది. నుదుట బొట్టు లేదు గానీ, ఆ ముఖం మన ముఖమే.

"నాకు తెలుగొచ్చుమ్మా. మాది రాయచోటి. పేరు రెడ్డెమ్మ. ఈడ తెలుగు ఎవురికీ రాదనుకొని మీరు మాట్లాడుకునేదంతా ఇన్నా, తప్పుగా అనుకోవద్దు" అన్నది. నాకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆమె నా నుదురు తుడిచింది. "డాక్టరు కాడ దాపరికం ఏందిమ్మా? నేను నా కడగొట్టు బిడ్డను ఏడాది పిల్లప్పుడు ఇడిసిపెట్టి వచ్చినా. ఫోన్లో సూస్తా. నీకు ఫోన్లో కూడా కనపడకుంటే యాడ సూస్తావు?"

అంతకుముందు నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు. డాక్టరమ్మను పిలవమన్నాను. రెడ్డెమ్మ అరబ్బీలో కేకలేస్తూ పరిగెత్తింది. అమ్మ ఫ్లాస్కుతో తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ నా కంట్లో లైటు వేసి చూస్తోంది. ఫోన్లో స్పీకర్ మీద శేఖర్ ఉన్నాడు. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అమ్మ గోడకానుకుని కింద కూలబడింది.

 ఫోన్లో పాప ఏడుపు వినిపిస్తోంది. శేఖర్ ఒక్కటే అడిగాడు, ఆ కాగితం ఇంకా ఉందా అని. ఊళ్ళో ఉన్న మా నాన్న, బీరువా అడుగు అరలో పేపరు కింద నుంచి దాన్ని తీసి ఫోటో పంపాడు. డాక్టరమ్మ చదివి కళ్ళజోడు తీసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో ఆ వారంలో తెలిసింది. రక్తంలో క్రిములు ఇంకా పూర్తిగా చావలేదు. స్టెరాయిడ్ ఇస్తే వాటికి మేలు చేసినట్టు. ఆగితే రెండో కన్ను, వెన్ను, ఊపిరి ఏదైనా పోవచ్చు. రెండూ కలిపి మొదలుపెడదాం, మీరు సంతకం పెట్టాలి అన్నారు శేఖర్‌తో. పెట్టాడు. మందు మొదలైన మూడో రోజున జ్వరం మళ్ళీ ఎగిసింది. పళ్ళు కొట్టుకునేంత వణుకు. ఐసీయూకి మార్చారు. స్టెరాయిడ్ ఆపుతారేమోనని ఒక భయం, ఆపరేమోనని ఇంకో భయం. క్రిముల మందు మార్చారు. తర్వాత రక్తాన్ని యంత్రంలోకి తీసి కడిగి తిరిగి ఎక్కించడం మొదలుపెట్టారు, రోజు విడిచి రోజు. ఇరవై ఒకటో రోజు వచ్చింది. మా ఇంట్లో పాపను తొట్టెలలో వేసి పేరు పెట్టాల్సిన రోజు. నేను మెడలో రెండు గొట్టాలతో పైకప్పు పలకలు లెక్కబెడుతున్నాను.

ఆ రోజు శేఖర్‌ను ఐసీయూలోకి పది నిమిషాలు రానిచ్చారు. నేను బతకననే అనుకున్నాను. దాచుకోవడం అయిపోయింది కాబట్టి అదీ చెప్పేశాను.

"నేను పోతే పాపను అమ్మకియ్యి. మంచిగ సాదుతది" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నీకు రోగమున్నదని గాదు నా కోపం" అన్నాడు. "రెండు దినాలు ఆ డాక్టరమ్మను నోటికొచ్చినట్టు అన్న. మందు ఎందుకిస్తలేవని అన్న. ఇయ్యకుండ ఆపింది నువ్వని నాకేం ఎరుక?"  నా కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆయనే తుడిచాడు. "ముందుగాల నువ్ బతుకు. తర్వాత కొట్లాడుకుందాం" అన్నాడు.

బతికాను. నాలుగోసారి రక్తం కడిగిన మర్నాడు కుడికాలి బొటనవేలు కదిలింది. రెడ్డెమ్మ వాళ్ళ ముసలమ్మ అప్పటికి ఇంటికి వెళ్ళిపోయింది, రెడ్డెమ్మ కూడా వెంటే వెళ్ళిపోయింది. ఫోన్ నంబరు తీసుకోలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి తల్లి.

నలభై మూడో రోజున ఇల్లు చేరాను, నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని. కుడికన్ను బాగుంది. ఎడమకంటితో మనుషులు కదలడం తెలుస్తుంది, ముఖాలు తెలియవు. ఆ రెండు రోజులు ముందు మందు పడి ఉంటే ఈ కన్ను ఉండేదా అని డాక్టరమ్మను అడిగాను. తెలియదు అన్నది. అవునన్నా కాదన్నా ఏదో ఒకటి పట్టుకుని ఉండేదాన్ని. తెలియదు అన్న మాటతోనే రోజూ పడుకుంటున్నాను, లేస్తున్నాను.

ఇంట్లో శేఖర్ అమ్మను ఒక్క మాట అనలేదు. మాట్లాడనూ లేదు. "తిన్నరా అత్తమ్మా" అని పూటకోసారి అడిగేవాడు, మర్యాదకు. ఆమె తిన్న అనేది, తినకపోయినా. నాకు మాత్రం గంట గంటకూ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చిచ్చేది. నడుంకట్టు చీరను చించి పాపకు పక్కగుడ్డలు చేసింది.

అమ్మ వీసా ముగియడానికి వారం ముందు పాప రెండో నెల టీకాకు ముగ్గురం వెళ్ళాం. ఆడవాళ్ళూ పిల్లలూ కిక్కిరిసిన హాలు. కౌంటర్ దగ్గర నర్సు హైదరాబాదీ పిల్ల, ఉర్దూలో ఫారం నింపుతోంది. నా స్టాండు చూసి, తల్లికి ఏమైనా జబ్బులున్నాయా, ఎప్పటి నుంచి అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్కనుంచి అమ్మ ముందుకు వచ్చింది. భుజానికి పాప సంచి, చేతిలో నా నీళ్ళ సీసా. వెనక వరుసలో ఇరవై మంది ఉన్నారు.

"ఆంఖ్ కా బీమారీ థా" అన్నది అమ్మ, హాలంతా వినబడేంత గట్టిగా. "షాదీ కే పహలే సే. మైచ్ ఛుపాయీ." పెళ్ళికి ముందు నుంచే ఉంది, నేనే దాచాను అని.

నర్సు తలెత్తకుండానే రాసుకుంది. ఫారంలో సగం వరుస కూడా పట్టలేదు. తర్వాతి ప్రశ్నకు పోయింది.

అమ్మ ఇంకా కౌంటర్ పట్టుకుని నిలబడే ఉంది. శేఖర్ పాపను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. అమ్మ భుజం మీంచి సంచి తీసి తన భుజానికి వేసుకున్నాడు.

"ఆ కుర్చీల కూసోండి అత్తమ్మా" అన్నాడు. "పొద్దటి సంది ఏం తినలే మీరు. నాకెరుకే."